వసుమతి ఇచ్చిన పురుగుల బొమ్మ

వసుమతి ఇచ్చిన పురుగుల బొమ్మ వల్లే దివాకర్ ఉద్యోగం పోయిందని మీరెక్కడైనా విని ఉంటే, ఆ మాట అక్కడే వదిలేయండి. తప్పు. బొమ్మ గోడకెక్కకముందే ఆ ఉద్యోగం ఊడింది. ఆవిడ ఫ్రిజ్‌లో పురుగులు దాస్తుందన్నది కూడా అబద్ధమే. ఫ్రిజ్‌లో ఉండేవి ఆకులు. వాడిపోకుండా తడి పేపర్ టవల్‌లో చుట్టి పెరుగు డబ్బా పక్కన పెట్టుకుంటుంది, అంతే. ఇక ఆ పురుగులకి జడిసి మొగుడు పారిపోయాడన్నది మరీ విడ్డూరం. రామమోహన్ పారిపోయింది డల్లాస్‌కి, అదీ అక్కడ ఇంకో ఆవిడ ఉండబట్టి. అప్పటికి వసుమతికి బొమ్మలు గీయడమే రాదు.

తణుకు పిల్ల. ఇంటర్ తప్పింది, పెళ్లయింది, అమెరికాలో ఈ ట్రాయ్ ఊరొచ్చింది. పిల్లలు లేరు. విడాకుల్లో ఆ పాత ఇల్లొక్కటి మిగిలింది. ఏం చెయ్యాలో తోచక ఒక ఫ్రేములు కట్టే షాపులో పనికి కుదిరింది. తుమ్మితే ఊడే ముక్కులాంటి ఉద్యోగమే కానీ, చేతికి పని, కంటికి రంగులు.

ఒకరోజు ఒక ముసలి దొరసాని పాత దుప్పట్లో చుట్టి కొన్ని బొమ్మలు పట్టుకొచ్చింది. వాళ్ల పూర్వీకులెవరో యూరప్ నుంచి తెచ్చుకున్నవట. రాగిరేకు మీద చెక్కి, అచ్చు తీసి, ఒక్కోదానికీ చేత్తో రంగులు వేసిన కాగితాలు. ఒక్కో కాగితం మీద ఒక్కో మొక్క. ఆ మొక్క మీదే గుడ్లు, గొంగళిపురుగు, గూడు, రెక్కలు విప్పిన సీతాకోకచిలుక, అన్నీ ఒకేసారి. పుట్టుక నుంచి చివరిదాకా ఒక బతుకంతా ఒకే కొమ్మ మీద ఆరేసినట్టుంది. వసుమతి చూపు మాత్రం ఆకుల దగ్గర ఆగిపోయింది. ఆకులకి చిల్లులున్నాయి. అంచులు కొరికేసి ఉన్నాయి. ఒక ఆకైతే ఈనె తప్ప ఏమీ మిగల్లేదు.

ఇంత ఓపిగ్గా రంగులు వేసిన మనిషికి ఒక్క మంచి ఆకు దొరకలేదా అని షాపు ముసలాయన్ని అడిగింది. ఆయన నవ్వి చెప్పాడట. ఆ కాలంలో చాలామంది బొమ్మలు గీసేవాళ్లకి దూరదేశాల పురుగులు ఓడల్లో, పెట్టెల్లో, ఎండిపోయి వచ్చేవి. అవి ఏ మొక్క తిని బతికాయో తెలియక, చూడముచ్చటైన పువ్వు ఏదో గీసి దాని మీద కూర్చోబెట్టేసేవారు. కొద్దిమందే పురుగుని ఇంట్లో పెంచి, అది తినే ఆకు దానికి పెట్టి, తింటుండగా చూస్తూ గీశారు. చిల్లులున్న ఆకు కనిపిస్తే, ఆ గీసిన మనిషి అక్కడ కూర్చుని చూసిందని అర్థం అని.

ఆ మాట వసుమతికి గుండెల్లో నాటుకుపోయింది. లైబ్రరీలో వారాంతపు క్లాసుకి వెళ్లింది. పాత బొమ్మలు ఫోన్‌లో పెద్దవి చేసుకుని ఒక్కో గీతా దింపింది. నలుగురూ మెచ్చుకునేలా గీయడానికి ఏళ్లు పట్టింది. తనకి తాను ఒక నియమం పెట్టుకుంది. కళ్లారా చూడని పురుగుని ఏ మొక్క మీదా కూర్చోబెట్టదు. తిన్న ఆకుని తిననట్టు గీయదు.

తర్వాత తర్వాత శనివారాలు మన తెలుగువాళ్ల పిల్లలు ఆవిడ ఇంటి కింద బేస్‌మెంట్‌కి బొమ్మలు నేర్చుకోడానికి వెళ్లడం మొదలెట్టారు. ఆ బేస్‌మెంట్‌లో గోల అంతా ఇంతా కాదు.

"ఆంటీ, నేను లీఫ్ బైట్ చేసి చూడాలా?" అనేవాడు ధృవ్.

"చూడు నాయనా. తర్వాత మీ అమ్మొచ్చి నన్ను కొరుకుతుంది."

అదితి అని ఒక చిన్నది ఉండేది, మాట్లాడితే గుచ్చినట్టే. "ఆంటీ, నా క్యాటర్‌పిల్లర్ శాడ్‌గా ఉంది."

"కడుపునిండా తింటోంది కదే, దానికి దిగులెందుకు?"

"దానికి ఎవరూ లేరు కదా."

"నాకూ ఎవరూ లేరు. నేను శాడ్‌గా ఉన్నానా?"

అదితి కాసేపు ఆవిడ మొహం పరీక్షగా చూసి, "లిటిల్ బిట్" అంది. వసుమతి ఆ మాట తలుచుకుని వారమంతా నవ్వుకుంది. శనివారం వస్తే ఆవిడకి పండగ. మిగిలిన రోజులన్నీ శనివారం కోసమే.

ఎవరింట్లో గృహప్రవేశమైనా ఆవిడ బహుమతి ఒకటే, ఒక మొక్కా దాని పురుగూ. ఒకరికి గుమ్మడిపువ్వులో తేనెటీగ, ఇంకొకరికి సొరపాదు మీద ఆరుద్ర పురుగు లాంటి ఎర్రది. అందరూ మెచ్చుకుని తగిలించుకున్నవాళ్లే.

ఇక దివాకర్ సంగతి. దివాకర్, వాళ్లావిడ దేదీప్య జూన్‌లో ఇల్లు కొనుక్కున్నారు. తాళాలు చేతికి వచ్చేసరికి ఆషాఢం వచ్చిపడింది. ఆషాఢంలో పాలు పొంగించకూడదు కదా, శ్రావణం దాకా పాత అపార్ట్‌మెంట్‌లోనే ఉండిపోయారు. దేదీప్యకి వసుమతి అంటే ప్రాణం. వాళ్ల పాప దియ పురిటప్పుడు ఆసుపత్రికీ ఇంటికీ తిరిగి పత్యం వండిపెట్టింది ఆవిడే.

ఆ ఆషాఢంలోనే ఒక పనిరోజు పొద్దున్న, షాపుకి సెలవు పెట్టి వసుమతి పార్కుకి వెళ్లింది. అక్కడ గడ్డిమైదానం అంచున మిల్క్‌వీడ్ మొక్కలుంటాయి. మోనార్క్ సీతాకోకచిలుకలు గుడ్లు పెట్టేది వాటి మీదే. పార్కింగ్‌లో దివాకర్ కారు కనిపించింది. ఇస్త్రీ చొక్కా, మెళ్లో ఆఫీసు బ్యాడ్జి, ఒళ్లో లంచ్ బాక్సు. ఊరికే కూర్చుని స్టీరింగ్ వంక చూస్తున్నాడు.

ఆవిడ అద్దం మీద తట్టింది. "ఏంటి దివాకర్, మీ ఆఫీసు పార్కులోకి మార్చారా?"

"అక్కా! వర్క్ ఫ్రమ్ హోమ్ అక్కా."

"హోమ్ ఇది కాదు కదా నాయనా."

అంతే, దివాకర్ మొహం ముడుచుకుపోయింది. బ్యాడ్జి తీసి పక్క సీట్లో పడేశాడు. "లేఆఫ్ చేసేశారక్కా. అప్పుడే చాలా రోజులైంది. ఈ బ్యాడ్జి పనికూడా చెయ్యదు, ఇంట్లో అనుమానం రాకుండా వేసుకుంటున్నా."

"దేదీప్యకి?"

"ఎలా చెప్పను? వాళ్ల నాన్న ఫ్లైట్ ఎక్కేస్తున్నాడు. ఊరంతటికీ ఇన్వైట్ చేసేశాం. ఆ పాలు ఒక్కటీ పొంగనివ్వండక్కా. తర్వాత నేనే అన్నీ చెప్తా. మీరు మాత్రం ఎవరితోనూ అనకండి. నా మీద ఒట్టు."

గ్రీన్‌కార్డు ఉంది కాబట్టి వీసా గొడవ లేదు, ఉన్నదంతా పరువు గొడవే. వసుమతి మాటిచ్చింది. ఆవిడ మాటంటే రాతిమీద గీత.

ఆ తర్వాత దివాకర్ రోజూ అక్కడికే వచ్చేవాడు. ఆవిడకి సెలవున్న రోజు గొడుగు పట్టేవాడు, మడత కుర్చీ మోసేవాడు, వంగి ఆకులు తిరగేసేవాడు. ఒకనాడు "అక్కా, పులి!" అని చిన్నపిల్లాడిలా అరిచాడు. నలుపు, తెలుపు, పసుపు చారల గొంగళిపురుగు. అది ఉన్న కొమ్మకి సగం ఆకులు లేవు. తెగిన కాడ దగ్గర తెల్లటి పాలచుక్క నిలిచి ఉంది.

"మా గృహప్రవేశానికి దీన్నే గీసివ్వండక్కా" అన్నాడు.

"ఆకంతా తినేసింది. శుభమా అని ఇల్లు చేరేవాళ్లకి ఇదెందుకు, పువ్వు మీద వాలిందేదైనా చూద్దాం."

"వద్దు, ఇదే. ఈ నెలంతటిలో నేను చేసిన మంచిపని ఇదొక్కటే. నేను వెతికి పట్టుకున్నది."

ఆవిడ గీసింది. గుడ్డు, పురుగు, పచ్చటి గూడు, సీతాకోకచిలుక, కింద ఆ కొరికిన ఆకులు, ఆ పాలచుక్క. ఆవిడ చేతిలోంచి వచ్చిన వాటిలో అంత బాగా వచ్చింది ఇంకోటి లేదు.

శ్రావణం మొదట్లో గృహప్రవేశం ఘనంగా జరిగింది. పాలు పొంగాయి. వ్రతం అయింది. పులిహోర ట్రేలు విప్పారు. వసుమతి బొమ్మ విప్పగానే పిల్లలు మూగారు. ఇదేం మొక్క ఆంటీ అని అదితి అడిగింది. అక్కడే ఆవిడ నోరు జారింది, పాపం ఉత్సాహంలో.

"ఇది మన జిల్లేడుకి చెల్లెలి వరసే. తుంచితే దీనికీ పాలు కారతాయి, చూశావా ఈ చుక్క?"

చాముండేశ్వరి ప్లేటు పట్టుకుని అటే పోతోంది. కరీంనగర్ ఆవిడ, మన వాళ్లందరికీ పెద్దదిక్కు. మంచిచెడ్డలు ఆవిడ్ని అడక్కుండా ఇక్కడ ఎవరూ పసుపు కూడా కలపరు. టక్కున ఆగింది.

"ఏమన్నవ్ వసుమతీ? జిల్లేడా?"

"అదే జాతి వదినా. ఇక్కడ మిల్క్‌వీడ్ అంటారు."

"ఏమన్న అననీ. ఇంట్ల జిల్లేళ్లు మొలవ అని శాపం పెడ్తరు గని, ఎవలన్న బొమ్మ గీసి గిఫ్ట్ ఇస్తరా? గదీ పురుగు తిన్నది!"

కొందరు నవ్వారు. వసుమతి కూడా నవ్వబోయింది. "రథసప్తమికి నెత్తిన పెట్టుకునేది ఆ ఆకే కదా వదినా."

"నెత్తిమీద పెట్టుకుంటే పుణ్యం. నడింట్ల పెట్టుకుంటే పాడు. గంత తెల్వదా?"

వసుమతి దివాకర్ వైపు చూసింది. నేనే అడిగి గీయించుకున్నానని ఒక్క మాటంటే పోయేది. దివాకర్ "ఐస్ అయిపోయినట్టుంది" అంటూ గరాజ్‌లోకి వెళ్లాడు. దేదీప్యే పాపం, "పోనీలెండి ఆంటీ, అక్క ప్రేమగా గీసింది" అని బొమ్మ తీసుకెళ్లి ముందుగదిలో తగిలించింది.

ఆ మర్నాడే, సోమవారం సాయంత్రం, దివాకర్ ఇంటికొచ్చి "ఇవాళ నన్ను తీసేశారు" అని చెప్పాడు.

ఇవాళ అన్నాడు చూడండి. ఆ ఒక్క మాటతో ఎంత పని జరగాలో అంతా జరిగింది. నిన్న జిల్లేడు ఇంటికొచ్చింది, నేడు ఉద్యోగం పోయింది. ఇంకేం కావాలి? "నేనప్పుడే అన్ననా లేదా?" అని చాముండేశ్వరి అందరికీ గుర్తుచేసింది. ఎవరూ గట్టిగా తిట్టలేదు. తిట్టినా బాగుండేది. వరలక్ష్మీవ్రతం వచ్చింది. ఏటా ఆ శుక్రవారం శనగలూ తాంబూలాలూ కార్ వెనక సీటు నిండా వేసుకొచ్చే మనిషికి ఈసారి ఒక్క ఇంటి నుంచీ మెసేజి రాలేదు. వసుమతి కొత్తచీర కట్టుకుని, సాయంత్రం దాకా చూసి, విప్పి మడతపెట్టింది.

తర్వాత పిల్లలు. ఒకరికి సాకర్ ప్రాక్టీస్ అన్నారు, ఒకరికి స్విమ్మింగ్ అన్నారు, ఇంకొకరికి మ్యాథ్స్ కోచింగ్ అన్నారు. అందరి శనివారాలూ ఒక్కసారే బిజీ అయిపోయాయి. చివరిదాకా వచ్చింది అదితి. తర్వాత ఆ పిల్లా మానేసింది. వసుమతి మాత్రం శనివారం పొద్దున్నే చిన్నకుర్చీలు తుడిచి, గ్లాసుల్లో నీళ్లు పోసి, కుంచెలు పెట్టి కూర్చునేది. దివాకర్ నోరు విప్పుతాడు, ఈ వారం కాకపోతే వచ్చేవారం, అప్పుడు పిల్లలు మళ్లీ వస్తారు అని ఆశ.

ఇండియన్ స్టోర్‌లో ఒకసారి అదితి ఎదురుపడింది. "ఆంటీ! మీ బగ్స్ బ్యాడ్ లక్ అంట కదా. రియల్లీనా?" తల్లి చెయ్యి పట్టి లాక్కుపోయింది. ఆ నడవా చివర, కూరగాయల దగ్గర దివాకర్ ఉన్నాడు. వసుమతి వెళ్లి పక్కన నిలబడి బెండకాయలు ఏరుతున్నట్టు నటించింది.

"ఎప్పుడు చెప్తావు నాయనా? పాలు పొంగి చాలా రోజులైంది."

"వాళ్ల నాన్న ఇంకా ఇక్కడే ఉన్నాడక్కా. అన్నాళ్లు టిఫిన్ కట్టించుకుని పార్కుకి పోయానని తెలిస్తే దేదీప్య నా మొహం చూస్తుందా? నాకు ఇంకో ఉద్యోగం రానివ్వండి."

"నా శనివారాలు పోయాయి దివాకర్."

"అందరూ అనేది ఆ బొమ్మని కదా అక్కా, మిమ్మల్ని కాదు. బొమ్మకేం నొప్పి ఉంటుంది చెప్పండి?"

ఆవిడ చేతిలో ఉన్న బెండకాయలు మళ్లీ బుట్టలో పోసేసి బయటికొచ్చేసింది.

అక్టోబరులో దేదీప్య వచ్చింది. బొమ్మని బీచ్ టవల్‌లో చుట్టి, ఒంటికి తగలకుండా చాచి పట్టుకుంది. బయట కార్లో దివాకర్, ఇంజన్ ఆన్‌లోనే ఉంది, తల వంచుకుని ఫోన్ చూసుకుంటున్నాడు.

"పారేద్దామంటే ఇంకేం చుట్టుకుంటుందోనని భయం వేసిందక్కా. అందుకే మీకే తెచ్చా."

"లోపలికి రా, టీ పెడతాను."

"వద్దక్కా. ఒక్కటి అడుగుతా, ఏమనుకోకండి. అది జిల్లేడు జాతని మీకు తెలిసే ఇచ్చారా?"

"తెలిసే ఇచ్చానమ్మా."

"మరి ఎందుకు? నేను మీకేం చేశాను?"

నాలుక చివరిదాకా వచ్చింది మాట. గుమ్మంలోంచి కారు కనిపిస్తూనే ఉంది. మీ ఆయన్ని పిలిచి అడుగు అంటే చాలు. అంటే ఆ పిల్ల సంసారం ఏమవుతుందో అనుకుంది. తన సంసారం ఒక్కరోజులో ఎలా విరిగిందో ఆవిడకి తెలుసు కదా. "ఆ కొమ్మ మీద ఉన్నది అదేనమ్మా. ఉన్నదే గీశాను" అంది. దేదీప్య ఏడుస్తూ వెళ్లిపోయింది. వసుమతి టవల్ విప్పకుండానే బొమ్మని బేస్‌మెంట్ మెట్ల కింద పెట్టి తలుపేసింది.

నవంబరులో దివాకర్‌కి ఆష్‌బర్న్‌లో ఉద్యోగమొచ్చింది, డేటా సెంటర్‌లో. ఇల్లు అద్దెకిచ్చి వెళ్లిపోయారు. అప్పుడైనా చెప్తాడనుకుంది. చెప్పలేదు. ఆ శనివారం చిన్నకుర్చీలన్నీ పైకి మోసి, రోడ్డు పక్కన పెట్టింది, కావలసినవాళ్లు పట్టుకెళ్లమని. చలికాలంలో షాపు ముసలాయన ఓపికలేక షాపు మూసేశాడు. అప్పటినుంచీ ఆవిడ ఇల్లు కదిలింది లేదు.

నిజం ఎలా బయటపడిందంటే, దేదీప్యకి ఆ భయం వదల్లేదు. అక్కడ ఎవరేమిచ్చినా ఇంట్లోకి రానివ్వదు. పక్కింటావిడ మొక్క తెచ్చిస్తే చెత్తడబ్బాలో వేసింది. ఒకరోజు దియ చిల్లులున్న ఆకొకటి ఏరుకొచ్చి "మమ్మీ, సమ్‌బడీ ఏట్ ఇట్!" అని సంబరంగా చూపించబోతే చెయ్యి మీద ఛెళ్లున కొట్టింది. పిల్ల బిక్కచచ్చిపోయి నిలబడింది. అది చూశాక దివాకర్‌కి అన్నం సయించలేదు. పార్కు దగ్గర్నుంచి మొదలెట్టి మొత్తం చెప్పేశాడు.

దేదీప్య వసుమతికి ఫోన్ చేసింది. ఎత్తలేదు. చేస్తూనే ఉంది, ఎత్తలేదు. చివరికి చాముండేశ్వరికి చేసి భోరుమంది. "ఆంటీ, పదిమందిలో పడ్డ మాట, పదిమందిలోనే తుడవాలి. అందరికీ చెప్పండి, మా ఆయన పేరుతో సహా" అంది. అందుకే ఇప్పుడు పేరు పెట్టి మరీ చెప్పుకోవడం.

చాముండేశ్వరిని కూడా అనకూడదు. నోరు పెద్దది కానీ మనసు చిన్నది కాదు. సకినాలు డబ్బాలో పెట్టుకుని అప్పటికప్పుడు వెళ్లింది. చాలాసేపు తట్టగా తట్టగా తలుపు జానెడు తెరుచుకుంది.

"వసుమతీ, నాదే తప్పు. నా నోట్ల మన్నుబడ."

"ఎవరి తప్పూ లేదు వదినా. చలిగా ఉంది, వెళ్లండి."

డబ్బా తీసుకుంది, తలుపు మూసుకుంది. ఆ జానెడు సందులోంచి చాముండేశ్వరికి కనిపించింది ఒకటే, హాల్లో గోడలనిండా ఉండే బొమ్మలు ఒక్కటీ లేవు. మేకులు మాత్రం ఉన్నాయి. మనిషి సగమైపోయిందని ఇంటికొచ్చి ఏడ్చింది.

కాబట్టి ట్రాయ్‌లో ఉన్నవాళ్లు, ఆ చుట్టుపక్కల ఉన్నవాళ్లు, ఒకసారి వెళ్లి చూసి రండి. ఫోన్ చెయ్యకండి, ఎత్తదు. ముందు బెల్లు పనిచెయ్యదు, గరాజ్ పక్క తలుపు తట్టండి, కాస్త గట్టిగా. క్షమాపణలు ఎత్తుకోకండి, ఆవిడకి అవి వినే ఓపిక లేదు. మీ పిల్లలు ఆ క్లాసుకి వెళ్లినవాళ్లే అయితే వాళ్లని ముందు నిలబెట్టండి. ఎందుకొచ్చారంటే డ్రైవ్‌వే మీద మంచు తీయడానికొచ్చామనండి. మొన్న పడ్డ మంచు అలాగే గడ్డకట్టి ఉందట, దాని మీద కారు చక్రాల గుర్తు గానీ అడుగుల గుర్తు గానీ లేదట. లోపలికి రానిస్తే, పొయ్యి మీద ఏమైనా ఉందో లేదో చూడండి. రానివ్వకపోతే మర్నాడు మళ్లీ వెళ్లండి. ఎలా ఉందో ఎవరో ఒకరు చూసి చెప్పండి.